కార్డు ఉంది, లిస్టులో పేరు లేదు: ఎవరిని అడగాలి?

ప్రశ్న: నమస్తే అండీ. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పెళ్లయిన దగ్గర్నుంచి కూకట్‌పల్లిలో ఉంటున్నాం. 2024 మే 13న పోలింగ్‌కి అందరం ఊరెళ్లాం. అమ్మ కార్డు పట్టుకుని వెళ్తే ‘లిస్టులో పేరు లేదమ్మా’ అని పంపేశారు. ఆమె ఏళ్ల తరబడి అక్కడే ఓటు వేస్తున్న మనిషి. తమ్ముడు మధ్యాహ్నం దాటాక వెళ్తే అతని పేరు మీద అప్పటికే ఎవరో వేసేశారట. గొడవెందుకని తిరిగొచ్చేశాడు. నా ఓటు ఇక్కడికి మార్చుకుందామని ఈ మధ్య ఆన్‌లైన్‌లో కొత్త ఓటుకు అప్లై చేస్తే రిజెక్ట్ అయింది. మా ఆయనకేమో ఊళ్లో ఒకటి, ఇక్కడొకటి, రెండు ఓట్లున్నాయి. ‘ఉంటే మనకేం నష్టం’ అంటారు. మా బూత్ ఓటర్ల జాబితా చూసే బీఎల్ఓ (బూత్ లెవల్ ఆఫీసర్) ఎవరో మాకు తెలియదు. ఎవరిని అడగాలి? ఎక్కడికి వెళ్లాలి? – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు మీ తమ్ముడి సంగతి చెప్తానమ్మా. మీరు రాసిన నాలుగింటిలో అదే రోజు, అక్కడికక్కడే తేల్చుకోవాల్సింది అదొక్కటే. చేజేతులా వదులుకుని వచ్చింది కూడా అదే.

తన పేరు మీద వేరేవాళ్లు ఓటేసినంత మాత్రాన అసలు ఓటరు ఇంటికి పోనక్కర్లేదు. ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 49పి అని ఒకటుంది. దాని ప్రకారం ఇచ్చేదాన్ని టెండర్ ఓటు అంటారు. క్యూలో మొదటి టేబుల్ దగ్గర ‘మీ ఓటు పడిపోయిందండీ’ అనగానే వెనక్కి తిరగకుండా, ఆ బూత్‌కు పెద్ద అయిన ప్రిసైడింగ్ అధికారి దగ్గరికి నేరుగా వెళ్లాలి. ‘ఈ పేరు నాది, నేనింకా ఓటు వేయలేదు, నాకు టెండర్ ఓటు ఇవ్వండి’ అనాలి. ‘టెండర్ ఓటు’ అని పేరు పెట్టి అడిగితేనే చాలాచోట్ల పని నడుస్తుంది. ఆయన మీ తమ్ముణ్ని తండ్రి పేరు, ఇంటి నంబరు, ఇంట్లో ఎవరెవరున్నారు అని నాలుగు ప్రశ్నలు అడుగుతారు, కార్డు చూస్తారు. నమ్మకం కుదిరితే మిషన్ దగ్గరికి పంపరు, కాగితం బ్యాలెట్ ఇస్తారు. ఇందుకోసమే ప్రతి పోలింగ్ కేంద్రానికీ 20 కాగితం బ్యాలెట్లు పంపుతారు. 17బి అనే ఫారంలో సంతకం చేసి, ఆ కాగితం మీద ఓటు వేసి మడిచి ఇస్తే విడిగా కవర్లో పెట్టి సీల్ చేస్తారు.

ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెప్తున్నా, ఆ ఓటు కౌంటింగ్ రోజున లెక్కలోకి రాదు. ఎవరైనా ఎన్నికల పిటిషన్ వేసి, కోర్టు ఆదేశిస్తేనే ఆ కవరు తెరుస్తారు. ‘అలాంటప్పుడు ఎందుకండీ’ అంటారేమో. ఆ కాగితం రికార్డు కాబట్టి. ఒక బూత్‌లో 17బి ఫారంలో పదిహేను పేర్లుంటే అక్కడ దొంగ ఓట్లు పడ్డాయని అధికారులే రాసుకున్నట్టు లెక్క. అందరూ గొడవెందుకని ఇంటికి పోతే ఆ బూత్‌లో పోలింగ్ ‘ప్రశాంతంగా’ జరిగినట్టే. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నేత సి.పి. జోషి అసెంబ్లీ ఎన్నికలో ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు. ఆయన వేసిన ఎన్నికల పిటిషన్‌లో టెండర్ ఓట్ల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎప్పుడు ఏ ఓటుకు పని పడుతుందో ఎవరికి తెలుసు?

2024లో పోయిన ఆ ఓటు గురించి మాత్రం ఇప్పుడు చేయగలిగింది లేదు. ఎన్నికల పిటిషన్‌కు ఫలితం వచ్చిన రోజు నుంచి 45 రోజులే గడువు. ఈసారి మీ తమ్ముణ్ని పొద్దున్నే వెళ్లమనండి. దొంగ ఓటు వేసేవాళ్లు సాధారణంగా మధ్యాహ్నం దాకా రానివాళ్ల పేర్లు చూసుకుని రంగంలోకి దిగుతారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి, పోలింగ్‌కు రాడని ఊళ్లో అందరికీ తెలిసిన కుర్రాళ్ల పేర్లే ముందు పోతాయి.

అసలు బూత్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. మొదటి పోలింగ్ అధికారి మీ పేరు, వరుస నంబరు గట్టిగా చదువుతారు. ఆ గట్టిగా చదవడం అక్కడ కూర్చున్న పార్టీ ఏజెంట్ల కోసం. వచ్చింది ఆ మనిషి కాదనిపిస్తే ఏజెంటు అభ్యంతరం చెప్పొచ్చు, దానికి 2 రూపాయలు డిపాజిట్ కట్టాలి. ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారించి తేలుస్తారు. ఊళ్లో పుట్టి పెరిగిన ఏజెంటుకు మీ తమ్ముడు ఎవరో తెలియకుండా ఉండదు. తెలిసీ నోరు మెదపలేదంటే అది చట్టంలో లోపం కాదు, ఊరి రాజకీయం. రెండో అధికారి ఎడమ చేతి చూపుడువేలికి సిరా పెట్టి, 17ఎ రిజిస్టర్లో సంతకం తీసుకుని చీటీ ఇస్తారు. మూడో అధికారి ఆ చీటీ తీసుకుని కంట్రోల్ యూనిట్ మీద బ్యాలెట్ మీట నొక్కుతారు. సిరా పెట్టే దాకా ఎక్కడ తేడా వచ్చినా ఆగి అడగొచ్చు.

ఇక మీ అమ్మగారు. ఎక్కువ ఉత్తరాలు ఈ సమస్య మీదే వస్తుంటాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఓటు హక్కు కార్డులో లేదు, జాబితాలో ఉంది. జాబితాలో పేరుంటే కార్డు లేకపోయినా ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న పెన్షన్ పత్రం, వీటిలో ఏదో ఒకటి చూపించి ఓటు వేయొచ్చు. జాబితాలో పేరు లేకపోతే బంగారంతో చేసిన కార్డు తెచ్చినా ఓటు లేదు. ఇంటికి వచ్చే ఓటరు చీటీ కూడా బూత్ నంబరు, వరుస నంబరు తెలుసుకోవడానికే, 2019 నుంచి దాన్ని గుర్తింపు కార్డుగా ఒప్పుకోవడం లేదు.

అయితే ‘లిస్టులో పేరు లేదు’ అని బూత్ దగ్గర చెప్పే మాటకు మూడు అర్థాలుంటాయి. ఆ మూడింటినీ విడదీసి చూడకుండా ఇంటికి రావడమే చాలామంది చేసే పని.

ఒకటి, ఆ బూత్ లిస్టులో లేదు, పక్క బూత్‌లో ఉంది. ఓటర్లు ఎక్కువైనప్పుడల్లా పోలింగ్ కేంద్రాలను విడగొడుతుంటారు, వీధులను అటూ ఇటూ మారుస్తుంటారు. స్కూలు అదే, గది మారిపోతుంది. ఒకే ఇంట్లో మొగుడి పేరు ఒక గదిలో, పెళ్లాం పేరు ఇంకో గదిలో ఉండటం మన ఊళ్లలో కొత్తేం కాదు. ఇంటి నంబరు తప్పుగా ఎక్కితే అలా అవుతుంది. బయట సాయం కోసం కూర్చునే బీఎల్ఓ దగ్గర అక్షరక్రమంలో ఉన్న లిస్టు ఉంటుంది, దాంట్లో వెతికించుకోవాలి.

రెండు, పేరుంది గానీ ఏఎస్‌డీ లిస్టులో పడింది. ఇంట్లో కనిపించనివారు, ఊరు మారినవారు, చనిపోయినవారు అని పోలింగ్‌కు ముందు విడిగా ఒక జాబితా తయారు చేసి ప్రిసైడింగ్ అధికారి చేతికిస్తారు. దొంగ ఓట్లు ఆపడానికి పెట్టిన ఏర్పాటు అది. కానీ అందులో పేరున్నంత మాత్రాన ఓటు పోదు. మనిషి స్వయంగా వచ్చి గుర్తింపు చూపిస్తే, ప్రిసైడింగ్ అధికారి తానే పరిశీలించి, సంతకంతో పాటు వేలిముద్ర కూడా తీసుకుని ఓటు వేయనివ్వాలి. మీ అమ్మగారు నెలల తరబడి మీ దగ్గర కూకట్‌పల్లిలో ఉండి వెళ్తుంటారా? అప్పుడు బీఎల్ఓ వచ్చి తాళం చూసి, పక్కింటివాళ్లను అడిగి ‘కూతురి దగ్గరికి వెళ్లిపోయింది’ అని రాసుకుని ఉండొచ్చు. పక్కింటావిడ మంచికే చెప్పి ఉంటుంది పాపం.

మూడు, నిజంగానే పేరు తీసేశారు. ఇది పోలింగ్ రోజు తెలిస్తే కలెక్టరు వచ్చినా చేసేదేమీ లేదు. నామినేషన్ల గడువు ముగిశాక జాబితాలో పేరు చేర్చడానికి గానీ తీసేయడానికి గానీ వీల్లేదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమే చెప్తోంది. 2018 డిసెంబరు 7న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో ఎంతమంది పేర్లు గల్లంతయ్యాయో మీకు గుర్తుండే ఉంటుంది. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా తన పేరు లేదని ఆ రోజు ట్వీట్ చేశారు. చివరికి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అయినా పేరు పోయినవాళ్లెవరికీ ఆ ఎన్నికలో ఓటు తిరిగి రాలేదు.

ఈ మూడింటిలో మీ అమ్మగారిది ఏదో ఇప్పుడు తేల్చుకోండి. ఎన్నికల సంఘం పోర్టల్ ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లో గానీ, ఫోన్‌లో ఎన్నికల సంఘం యాప్‌లో గానీ కార్డు మీది నంబరు కొట్టి చూడండి. పేరుతో వెతకడం రెండో పద్ధతి, మన తెలుగువాళ్లకు అది పెద్ద తలనొప్పి. ఇంటిపేరు ముందా వెనకా, లక్ష్మికి ఇంగ్లిషులో ఎన్ని అక్షరాలు, సుబ్బమ్మలో బి ఒకటా రెండా అనేది ఆ రోజు డేటా ఎంట్రీ చేసిన కుర్రాడికే తెలియాలి. ఒక్కసారి కొట్టి కనిపించలేదని ‘ఓటు తీసేశారు’ అనే నిర్ణయానికి రావద్దు.

నంబరుతోనూ రాకపోతే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో మీ ఊరి పోలింగ్ కేంద్రం జాబితా పీడీఎఫ్ దించుకుని పేజీలు తిప్పండి. తీసేసిన పేరుంటే ఆ గడి మీద అడ్డంగా డిలీటెడ్ అని కనిపిస్తుంది. పక్కన ఒక ఇంగ్లిషు అక్షరం ఉంటుంది. ‘ఈ’ (E) అంటే చనిపోయారని, ఎస్ అంటే ఊరు మారారని, ఆర్ అంటే పేరు రెండుసార్లు ఉందని, ఎం అంటే మనిషి దొరకలేదని, క్యూ అంటే అనర్హులని. ఆ ఒక్క అక్షరంలోనే మీ అమ్మగారి కథంతా ఉంటుంది. బతికున్న మనిషి పేరు పక్కన ‘ఈ’ అక్షరం చూసి లబోదిబోమన్నవాళ్లు తెలుగు రాష్ట్రాల్లో తక్కువేం లేరు.

ఎస్ అని ఉంటే బీఎల్ఓ విచారణలో పోయి ఉండొచ్చు, లేదా ఎవరైనా ఫారం 7 పెట్టి ఉండొచ్చు. ‘ఈ పేరు తీసేయండి’ అని అభ్యంతరం చెప్పే దరఖాస్తు అది. అదే నియోజకవర్గంలో ఓటున్నవాళ్లెవరైనా పెట్టొచ్చు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇవి లక్షల్లో వచ్చిపడ్డాయి. తమ పేరుతో దరఖాస్తు వెళ్లిందన్న సంగతే తెలియదని ఎంతోమంది చెప్పారు, పోలీసు కేసులూ పెట్టారు. అందుకే ఊళ్లో రాజకీయం వేడెక్కినప్పుడు ఫారం 10 అనే జాబితా మీద ఓ కన్నేసి ఉంచండి. ఫారం 7 కింద ఎవరి పేరు మీద ఎవరు అభ్యంతరం పెట్టారో అందులో ఉంటుంది. ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లోనే పెడతారు. అది చూడొచ్చని చాలామందికి తెలియదు.

ఎవరు ఫారం 7 పెట్టినా నోటీసు ఇవ్వకుండా, మాట వినకుండా పేరు తీసేయకూడదు. చట్టంలోనే ఆ మాట ఉంది. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది, ఒకసారి జాబితాలో చేరిన పేరు సక్రమంగానే చేరిందని అనుకోవాలి, తీసేయాలంటే కారణం చెప్పి వినే అవకాశం ఇవ్వాలి అని. కాబట్టి మీ అమ్మగారి చేత రెండు పనులు కలిపి చేయించండి. మొదటిది ఫారం 6. పేరు తీసేశాక మళ్లీ కొత్తగా చేర్చుకోవాల్సిందే, ‘పాతది తిరిగివ్వండి’ అని పట్టుబడితే కాలయాపన తప్ప ఒరిగేదేమీ లేదు. పాత కార్డు జిరాక్స్ జత చేయండి. రెండోది ఒక తెల్లకాగితం. ఈఆర్వో అంటే ఓటర్ల నమోదు అధికారి పేరిట, ఇంచుమించు ఇలా రాయించండి:

‘అయ్యా, నేను ఫలానా గ్రామంలో ఫలానా ఇంటి నంబరులో నివాసముంటున్నాను. నా ఓటరు కార్డు నంబరు ఇది. ఫలానా పోలింగ్ కేంద్రం జాబితాలో నా పేరు ఉండేది. ఇప్పుడు తొలగించారు. నాకు ఎలాంటి నోటీసూ అందలేదు. ఏ దరఖాస్తు మీద, ఏ విచారణ మీద, ఏ తేదీన తొలగించారో లిఖితపూర్వకంగా తెలపగోరుతున్నాను. తిరిగి నమోదుకు ఫారం 6 జతపరిచాను.’

అంతే, ఇంకేమీ వద్దు. ఫలానా పార్టీవాళ్లే చేశారని రాయకండి, నిజమే అయినా సరే. ఆ ఒక్క వాక్యంతో మీ దరఖాస్తు పార్టీల తగాదా కింద జమవుతుంది. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఇన్‌వార్డ్ నంబరు, స్టాంపు వేయించుకోండి. స్టాంపు లేని కాగితం ఇచ్చినట్టు కాదు.

ఫారం 6లో ఆధార్ గురించి ఒక మాట. ఇవ్వడం తప్పనిసరి కాదు. ఆధార్ ఇవ్వలేదన్న ఒక్క కారణంతో దరఖాస్తు పక్కన పెట్టకూడదు. కానీ వయసుకూ చిరునామాకూ రెండింటికీ పనికొచ్చే కాగితం పల్లెటూరి పెద్దావిడ దగ్గర అదొక్కటే ఉంటుంది, అభ్యంతరం లేకపోతే ఇచ్చేయడమే సుఖం.

మీ విషయం తేలిక. మీరు నింపాల్సింది ఫారం 6 కాదమ్మా, ఫారం 8. తెనాలిలో మీ పేరు అలాగే ఉండగా ‘నాకు ఎక్కడా ఓటు లేదు’ అని డిక్లరేషన్ ఇస్తూ కొత్త ఓటు అడిగారు, సిస్టంలో పాతది దొరికింది, రిజెక్ట్ చేశారు. ఫారం 8లో ‘నివాసం మారింది’ అన్నదాన్ని ఎంచుకుని, వేరే నియోజకవర్గానికి అని టిక్కు పెట్టి, మీ పాత కార్డు నంబరు ఇవ్వండి. అక్కడ తీసేసి ఇక్కడ చేర్చే పని వాళ్లే చూసుకుంటారు, కార్డు నంబరూ అదే ఉంటుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారి ఉంటే అది ఇందులోనే కలపాలని చూడకండి. ఒక ఫారంలో ఒక పనికే టిక్కు పెట్టాలి. ముందు చిరునామా మార్చుకోండి, అది అయ్యాక ఇంకో ఫారం 8తో పేరు సవరించుకోండి. ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు వచ్చే రిఫరెన్స్ నంబరు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, దరఖాస్తు ఎక్కడుందో, రిజెక్ట్ అయితే ఎందుకయిందో దాంతోనే తెలుస్తుంది.

అపార్ట్‌మెంట్లలో ఇంకో గొడవ ఉంది. బీఎల్ఓ విచారణకు పగలు వస్తారు, ఆ టైముకి మీరిద్దరూ ఆఫీసుల్లో ఉంటారు. వాచ్‌మన్‌ను అడిగితే అతను నిన్నగాక మొన్న చేరినవాడు, ‘ఆ పేరుతో ఎవరూ లేరు సార్’ అంటాడు. అక్కడితో మీ దరఖాస్తు కథ ముగుస్తుంది. ఫ్లాట్ నంబరు, బ్లాక్ పేరు సరిగ్గా రాసి, పనిచేసే ఫోన్ నంబరు ఇచ్చి, వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచండి. అద్దె ఇంట్లో ఉంటే ఓనరు పేరు మీదున్న కరెంటు బిల్లుకు టెన్షన్ పడకండి. మీ ఆధార్ చిరునామా మార్చుకుని ఉంటే అది చాలు, బ్యాంకు పాస్‌బుక్కైనా పనికొస్తుంది.

మీ ఆయన ‘ఉంటే మనకేం నష్టం’ అన్నారు కదా. నష్టం ఉంది. ఒకటి కంటే ఎక్కువ నియోజకవర్గాల్లో నమోదై ఉండకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షను, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు ఉండకూడదని 18వ సెక్షను చెప్తున్నాయి. ‘నాకు వేరే చోట ఓటు లేదు’ అని తెలిసీ అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే 31వ సెక్షను కింద ఏడాది దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. ఒకే సార్వత్రిక ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో ఓటేస్తే రెండు ఓట్లూ చెల్లవు. ఇది అందరూ చేసేదే కదా అంటారు, నాకూ తెలుసు. 2014లో తెలంగాణలో ఏప్రిల్ 30న, సీమాంధ్రలో మే 7న పోలింగ్ పెట్టినప్పుడు వేలి సిరా వారంలోపు ఎలా చెరపాలన్న పరిశోధన హైదరాబాద్‌లో ఏ స్థాయిలో జరిగిందో అప్పుడు ఇక్కడున్నవాళ్లందరికీ తెలుసు. 2024లో రెండు రాష్ట్రాలకూ ఒకే రోజు కాబట్టి ఆ ముచ్చట తప్పింది. మే 11, 12 తేదీల్లో విజయవాడ హైవే సంక్రాంతిని తలపించింది.

నేను చట్టం పేరు చెప్పి భయపెట్టడం లేదు. ఇంట్లో ఒకరికి రెండు చోట్ల ఉంటే, జాబితా సవరణలో డబుల్ ఎంట్రీలు ఏరేటప్పుడు ఏది పోతుందో మీ చేతిలో ఉండదు. ఉంచుకుందామనుకున్నదే పోవచ్చు. ఏ ఊరి రోడ్లు, నీళ్లు, స్కూళ్ల గురించి ఆయనకు రోజూ పని పడుతోందో ఆలోచించుకుని, వద్దనుకున్నచోట తన పేరు తీసేయమని ఫారం 7 ఆయనే పెట్టుకోవచ్చు. సొంతూరి మీద మమకారం నాకూ అర్థమవుతుంది. కానీ చట్టం చూసేది సాధారణంగా ఎక్కడ నివసిస్తున్నారన్నదే, అక్కడ పొలం ఉందా, ఇల్లుందా అన్నది కాదు.

సాయం ఎవరిని అడగాలన్నారు కదా. మొదటి మనిషి బీఎల్ఓ. ప్రతి పోలింగ్ కేంద్రానికీ ఒకరుంటారు. అంగన్‌వాడీ టీచరో, స్కూలు టీచరో, పంచాయతీ లేదా సచివాలయ ఉద్యోగో అయ్యుంటారు. ఆ పేరు, ఫోన్ నంబరు పోర్టల్లో మీ కార్డు నంబరు కొడితే వస్తాయి. ఆయనతో ఫోన్లో మాట్లాడటానికి ముందే సమయం బుక్ చేసుకునే సదుపాయం కూడా ఈ మధ్య పెట్టారు. బీఎల్ఓకు పేరు చేర్చే అధికారం గానీ తీసే అధికారం గానీ లేదు, ఆయన విచారించి రాసేవాడు మాత్రమే. నిర్ణయం ఈఆర్వోది. జిల్లాల్లో సాధారణంగా ఆర్డీవో లేదా సబ్ కలెక్టర్ ఈఆర్వోగా, తహసీల్దారు సహాయకుడిగా ఉంటారు, నగరంలో ఆ పని మున్సిపల్ అధికారులు చూస్తారు. మీ ఊరి విషయాలకు తెనాలి వైపు, మీ ఓటుకు ఇక్కడ, ఇలా రెండు వైపులా తిరగక తప్పదు. పైగా కూకట్‌పల్లి హైదరాబాదే అని మనం అనుకుంటాం గానీ ఎన్నికల లెక్కలో అది మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా. హైదరాబాద్ జిల్లా ఆఫీసుకు వెళ్తే మీది ఇక్కడ కాదని వెనక్కి పంపుతారు.

ఆఫీసులకు తిరిగే ముందు 1950కి ఫోన్ చేయండి. అది ఓటర్ల హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. ఫోన్‌లో సమస్య తీరిపోతుందని కాదు, ఏ ఆఫీసుకు వెళ్లాలో, మీ ఈఆర్వో ఎవరో తెలుస్తుంది. ఫిర్యాదు నమోదు చేస్తే దానికీ ఒక నంబరు ఇస్తారు.

ఈఆర్వో మీ దరఖాస్తును తిరస్కరిస్తే, లేదా పేరు తీసేస్తూ ఆర్డరు ఇస్తే, 15 రోజుల్లో జిల్లా కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాదంటే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు. ఈ దారి ఉందని చాలామందికి తెలియదు, తెలిసేసరికి గడువు దాటిపోతుంది. మీ రిజెక్షన్‌కు మాత్రం అప్పీలు అనవసరం, ఫారం తప్పు కాబట్టి సరైన ఫారం పెడితే చాలు. అప్పీలు దాచుకోవాల్సింది మీ అమ్మగారి ఫారం 6ను ఏ కారణమూ లేకుండా తోసేస్తే. ఇవి కాక సోమవారాల్లో కలెక్టరేట్లలో అర్జీలు తీసుకుంటారు కదా, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో పీజీఆర్‌ఎస్, అక్కడా కాగితం ఇవ్వొచ్చు. తిరిగి ఈఆర్వో టేబుల్ మీదికే వస్తుంది గానీ పైనుంచి వచ్చిన కాగితానికి కదలిక వేరుగా ఉంటుంది.

పార్టీవాళ్ల సాయం తీసుకోవచ్చా అని కొందరు అడుగుతుంటారు. ప్రతి గుర్తింపు పొందిన పార్టీకీ బూత్ స్థాయి ఏజెంట్లను పెట్టుకునే వీలుంది. వాళ్లకు లిస్టు కంఠతా వచ్చి ఉంటుంది. మీ పేరు ఏ పేజీలో ఉందో అడగండి, తప్పులేదు. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు మాత్రం ఏ పార్టీ మనిషి చేతికీ ఇవ్వకండి.

తేదీల సంగతి ఒకటి గుర్తుంచుకోండి. 2024లో ఎన్నికల షెడ్యూలు మార్చి 16న వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏప్రిల్ 18 నుంచి 25 దాకా నామినేషన్లు. దరఖాస్తుకు ఆఖరి తేదీ ఏప్రిల్ 15. పోలింగ్ మే 13. అంటే పోలింగ్‌కు దాదాపు నాలుగు వారాల ముందే తలుపు మూసేశారు. వచ్చిన దరఖాస్తు మీద అభ్యంతరాలకు ఏడు రోజులు ఇవ్వాలి, విచారణ జరగాలి, అందుకే ఆ గడువు. టీవీలో ప్రచారం జోరందుకున్నాక ‘అరే, మన ఓటుందో లేదో’ అనుకునేసరికి ఆ తేదీ దాటిపోయి ఉంటుంది. ముసాయిదా జాబితా ప్రకటించినప్పుడు పంచాయతీ ఆఫీసు గోడ మీదో పోలింగ్ కేంద్రంలోనో అంటిస్తారు. మీరు ఊళ్లో ఉండరు కాబట్టి ఆ పని మీ తమ్ముడికి అప్పజెప్పండి, అమ్మ పేరు, తన పేరు చూసుకుని ఫొటో తీసి పంపమనండి. ఇంట్లో పద్దెనిమిదికి దగ్గరపడ్డ పిల్లలుంటే 17 నిండగానే ముందస్తుగా పెట్టుకోవచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఏ తేదీకి 18 నిండితే అప్పటి నుంచి ఓటు వస్తుంది. ఒకప్పటిలా జనవరి ఒకటి దాకా ఆగక్కర్లేదు.

మీ ఉత్తరంలో లేదు గానీ, అమ్మగారి వయసుకు పనికొస్తుందని రాస్తున్నాను. చూపు సరిగ్గా ఆనకపోతే, మీట నొక్కే ఓపిక లేకపోతే 18 నిండిన ఒకరిని తోడు తీసుకెళ్లొచ్చు, ఆ తోడు ఆ రోజు ఇంకెవరికీ తోడుగా వెళ్లకూడదు. 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతం పైగా వైకల్యం ఉన్నవారికి ఇంటి దగ్గరే ఓటు వేసే వీలుంది. దానికి ఫారం 12డి నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఇవ్వాలి. సాయంత్రం గడువు అయ్యేసరికి క్యూలో ఉన్నవాళ్లందరికీ చీటీలిచ్చి ఎంత రాత్రయినా ఓటు వేయించాలి, టైమైపోయిందంటే ఒప్పుకోకండి.

ఇంకొక్క సంగతి. పంచాయతీ ఎన్నికల లిస్టు వేరే కదా, అందులో పేరుంటే చాలదా అని మీ అమ్మగారు అడగొచ్చు. ఆ ఎన్నికలు పెట్టేది రాష్ట్ర ఎన్నికల సంఘం, వార్డుల వారీ లిస్టూ వాళ్లదే. కానీ దాన్ని తయారు చేసేది అసెంబ్లీ జాబితా నుంచే. అసెంబ్లీ జాబితాలో పేరు పోతే సర్పంచి ఓటూ పోతుంది. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు మాత్రం పూర్తిగా వేరు. దానికి ప్రతిసారీ ఫారం 18తో కొత్తగా నమోదు చేసుకోవాలి, క్రితంసారి ఓటేశాను కదా అంటే కుదరదు.